ఓడిపోవడానికి ముందస్తు అనుమతి

పేరిందేవి బదిలీ ఫైలు తొమ్మిది సంతకాలు దాటి, పదో సంతకం దగ్గర పద్దెనిమిది రోజులు కూర్చుని, ఒక బుధవారం మధ్యాహ్నం వెనక్కి వచ్చేసింది. అట్ట మీద ఎర్రసిరాతో ఒక్కటే వాక్యం ఉంది. "దరఖాస్తుదారు చదరంగం రేటింగు జతపరచబడలేదు."

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ఆస్తి వివరాలు జతపరిచింది. ఆరోగ్య ధ్రువపత్రం జతపరిచింది. కొవ్వలపాడులో తన ఇంటికీ అక్కడి ఆఫీసుకీ మధ్య దూరం నాలుగు వందల గజాలేనని పంచాయతీ వాళ్ళిచ్చిన కాగితం కూడా జతపరిచింది. చదరంగం సంగతి ఎవరూ చెప్పలేదు.

పేరిందేవి కుళాయిల పర్యవేక్షణ శాఖలో సీనియర్ అసిస్టెంటు. ఇల్లు కొవ్వలపాడులో, ఉద్యోగం జిల్లా ఆఫీసులో. మధ్యన రెండు గంటల పాసింజరు రైలు. నాలుగేళ్ళుగా ఆమె పొద్దున్న ఐదింటికి వండిన అన్నం మధ్యాహ్నం ఒంటిగంటకి తింటోంది. కొవ్వలపాడు ఆఫీసులో ఒక సీటు మార్చి నెలాఖరుకి ఖాళీ అవుతుంది. అందులో ఇంకెవరన్నా కూర్చున్నారంటే మళ్ళీ ఐదేళ్ళు అటు చూడక్కర్లేదు. ఆమె కోరికల్లా ఆ సీటు. మధ్యాహ్నం గొడుగు వేసుకుని ఇంటికి నడిచి వెళ్ళి, పొయ్యి మీంచి అప్పుడే దింపిన పప్పుచారు పోసుకుని నాలుగు ముద్దలు తిని రావడం ఆమె దృష్టిలో ఒక మనిషి పొందగలిగిన అత్యున్నత పదవి.

ఆమె ఫైలు పట్టుకుని సూపరింటెండెంటు పద్మనాభం గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఇదేంటండీ ఇది?"

పద్మనాభం గారు కళ్ళద్దాలు సరిచేసుకున్నారు. "ఈ ఉదయం తపాల్లోనే వచ్చిందమ్మా సర్క్యులరు. అందరూ ఉన్నప్పుడు చదవాలని ఆగాను."

ఆ సర్క్యులరుకి కారణం ఇది. శాఖలో నిర్ణయాలు ఆలస్యమవుతున్నాయని పైవారికి ఎప్పటినుంచో అనుమానం. ఒక వీధి కుళాయికి వాషరు మార్చాలంటే పదకొండు సంతకాలు కావాలి. పదకొండోది పడేనాటికి కుళాయే ఉండదు. ఈ జబ్బుకి మందు వెతకమని డైరెక్టరు గారిని ఒక చల్లని కొండ ఊళ్ళో మూడు రోజుల శిక్షణకి పంపించారు. అక్కడ ఎవరో ఫోనులో ఆడే మూడు నిమిషాల చదరంగం చూపించారు. మూడు నిమిషాల్లో ఆట మొత్తం అయిపోవాలి, లేకపోతే గడియారమే ఓడించేస్తుంది. డైరెక్టరు గారు ఉన్ని టోపీతోనూ, కొత్త విశ్వాసంతోనూ తిరిగి వచ్చారు.

పద్మనాభం గారు లేచి నిలబడి చదివారు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, మూడు నిమిషములలో నలభై ఎత్తులు వేయగల ఉద్యోగి, మూడు నిమిషములలో నలభై ఫైళ్ళు పరిష్కరించగలడని శాఖ అభిప్రాయపడుచున్నది. కావున ప్రతి ఉద్యోగియు సూచించిన యాప్ నందు ఖాతా తెరిచి, మార్చి ముప్పైఒకటవ తేదీ సాయంత్రం ఐదు గంటలలోగా ఎనిమిది వందల రేటింగు సాధించవలెను. సాధించని వారి బదిలీ దరఖాస్తులు పరిశీలింపబడవు. సెలవులు సైతం పరిశీలింపబడవు. అనారోగ్యము సైతం."

వెనక బల్ల నుంచి జూనియర్ అసిస్టెంటు జుబేదా చెయ్యెత్తింది.

"సార్, నాకు చదరంగం రాదండి. అష్టాచెమ్మా వచ్చు. అది చాలదాండీ?"

"అష్టాచెమ్మాలో అదృష్టం ఉందమ్మా," అన్నారు పద్మనాభం గారు విచారంగా. "శాఖలో అదృష్టానికి తావు లేదు."

*

యాప్ కొత్తవాళ్ళకి నాలుగు వందలు ఇచ్చి మొదలెడుతుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది. పేరిందేవి ఆ రాత్రి భోజనాల దగ్గర ఫోను ముందు పెట్టుకుని మొదటి ఆట ఆడింది. అవతల ఏ దేశం వాడో, పేరు బదులు మేక బొమ్మ పెట్టుకున్నాడు. నాలుగు ఎత్తుల్లో ఆమె రాజుని కట్టేశాడు. ఆమె ఇంకా ఏ పావు ఎటు నడుస్తుందో గుర్తు తెచ్చుకుంటోంది.

"అయిపోయిందా?" అన్నాడు భర్త నరసింగరావు, మజ్జిగ పోసుకుంటూ. ఆయన కొవ్వలపాడు రైసుమిల్లులో గుమాస్తా. "నేనింకా చూడ్డం మొదలెట్టలేదే."

"మేకండి. మేక కట్టేసింది."

"మేకని మనం కట్టెయ్యాలి గదే."

"మీరు మజ్జిగ తాగండి."

రెండో ఆట ఓడిపోయింది. మూడోది గెలిచేదే గానీ గడియారం అయిపోయింది. నాలుగోది, మూడోది పోయిన కోపంలో ఓడిపోయింది. కోపంతో ఆడినవి లెక్కపెడితే ఆ వారంలో ముప్పై అయిదు. ఆదివారం నాటికి ఆమె రేటింగు రెండు వందల పన్నెండు. ఆమె కంటే కింద ఆ యాప్ లో ఇంకెవరున్నారా అని వెతికితే జుబేదా కనపడింది.

"నేను గుర్రాన్ని తిన్నగా నడిపిద్దామని చూస్తన్నానండి," అంది జుబేదా రైల్లో. ఆమె పేరిందేవికి రెండు స్టేషన్ల తర్వాత ఎక్కుతుంది. "అది నడవట్లేదు. మా ఫోను పాతది కదండీ, అందుకనుకుంటా."

"గుర్రం తిన్నగా నడవదమ్మాయ్. రెండు గళ్ళు వెళ్ళి పక్కకి తిరుగుద్ది."

"ఎందుకండీ అలాగ?"

శాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేసినావిడ కనక ఎందుకని అడగాలని పేరిందేవికి ఎప్పుడూ తోచలేదు.

అయితే పేరిందేవి ఇల్లు నడిపే మనిషి. ఇద్దరు ఆడబిడ్డల పెళ్ళిళ్ళకి వంటలు దగ్గరుండి చూసుకున్న మనిషి. ఓడిపోయిన ఆటలన్నీ రైల్లో వెనక్కి తిప్పి చూడడం మొదలుపెట్టింది. చూస్తే వాటిలో తొంభై పాళ్ళు తను చేసిన తప్పు ఒక్కటే. అవతలివాడు ఒక పావు జరిపితే, వాడు అక్కడికి ఎందుకొచ్చాడని అడక్కుండా తన పని తను చూసుకుపోతోంది. ఇంట్లో అలా చెయ్యదు. పక్కింటావిడ వేళకాని వేళలో గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తే, ఎందుకొచ్చిందో తేల్చుకోకుండా పేరిందేవి పీట కూడా వెయ్యదు. మరి ఆటలో ఆ తెలివి ఎక్కడికి పోతోంది?

అప్పట్నించీ ప్రతి ఎత్తుకి ముందూ "ఈవిడెందుకొచ్చింది?" అని మనసులో అనుకునేది. మంత్రిని తొందరపడి వీధిలోకి పంపడం మానేసింది. రాజుని మొదటి పది ఎత్తుల్లోనే మూలగదిలో పెట్టి తలుపేసేది. ఒక పావు పోతే దానికోసం నలభై సెకన్లు బాధపడడం మానేసి, రెండు సెకన్లు బాధపడేది. వరసగా రెండు ఓడితే ఫోను సంచీలో పడేసి చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేది. ఫిబ్రవరి వచ్చేసరికి ఆమె రేటింగు ఆరు వందల నలభై. మేక బొమ్మవాడు మళ్ళీ తగలలేదు గానీ ఒక కోడి బొమ్మవాడినీ, ఒక పుర్రె బొమ్మవాడినీ ఓడించింది.

"నీకు బుర్ర ఉందే," అన్నాడు నరసింగరావు.

"ఇన్నాళ్ళూ ఏముందనుకున్నారు?"

*

ఆ ఫిబ్రవరిలోనే శాఖకి ఆడిట్ వాళ్ళు వచ్చారు. ఆఫీసులో అందరూ తలవంచుకుని ఫోన్లలో ఆడుతుంటే, ఆడిట్ అధికారి ఒకాయన జుబేదా వెనక నిలబడి కాసేపు చూశాడు. ఆయన చూస్తుండగానే జుబేదా మంత్రి పోయింది.

"ఇది ఎవరి మంత్రి?" అని అడిగాడు.

"నాదేనండి."

"పనివేళల్లో, శాఖ ఆదేశం మీద ఆడుతున్నారు కదా. మీదెలా అవుతుంది? శాఖది." ఆయన పుస్తకం తీసి రాసుకున్నాడు.

నాలుగు రోజుల్లో అభ్యంతరం వచ్చింది. జిల్లా ఆఫీసులో రెండు నెలల్లో పదకొండు వందల నలభై ఆరు మంది మంత్రులు పోయారనీ, ఒక్కరి విషయంలోనైనా బాధ్యులెవరో నిర్ధారించలేదనీ, బంటుల సంగతైతే రాసే ఓపిక లేదనీ దాని సారాంశం.

పద్మనాభం గారికి ఆ రోజు అన్నం సయించలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క అభ్యంతరం లేదు. తానుగా ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం వల్లే అది సాధ్యమైందని ఆయన గర్వంగా చెప్పుకునేవారు. మర్నాడే కార్యవిధానం తయారైంది. ఇకమీదట ఆఫీసు వేళల్లో ఏ ఉద్యోగీ సొంతంగా పావు ముట్టుకోకూడదు. వెయ్యదలచిన ఎత్తుని నోట్ ఫైల్లో ప్రతిపాదించాలి. బంటు అయితే సూపరింటెండెంటు, గుర్రం, శకటు, ఏనుగు అయితే పరిపాలనాధికారి, మంత్రి కదలాలంటే డైరెక్టరు గారి కార్యాలయం అనుమతించాలి. రాజు కదలికలు రహస్య విభాగం చూసుకుంటుంది.

పేరిందేవికి ఆ రోజు తెల్లపావులు వచ్చాయి. గడియారం మొదలైంది. ఆమె గబగబా రాసింది. "విషయం: రాజు ఎదుట గల బంటును రెండు గళ్ళు ముందుకు జరుపుట గురించి. తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది."

పద్మనాభం గారు ఫైలు తీసుకుని నిదానంగా చదివి కింద రాశారు. "ఒక గడి చాలదా? రెండు గళ్ళు జరపవలసిన ఆవశ్యకతను వివరించవలెను."

"సార్, గడియారం," అంది పేరిందేవి.

"గడియారానికేమమ్మా, అది తిరుగుతూనే ఉంటుంది. రేపు ఆ బంటుకి ఏదన్నా అయితే ఆడిట్ కి సమాధానం చెప్పేది గడియారమా, నేనా?"

ఆమె ఆవశ్యకత వివరించేలోగా మూడు నిమిషాలూ అయిపోయాయి. ఒక్క పావు కదలకుండా ఆట ఓడిపోయింది. పక్క బల్లల దగ్గర అందరిదీ అదే పరిస్థితి. రైల్లో వచ్చేటప్పుడు సంపాదించిన ముప్పై పాయింట్లూ సాయంత్రానికి ఆఫీసులో పోయేవి. ఇంటికెళ్ళేటప్పుడు మళ్ళీ సంపాదించేది. పొద్దున్న మళ్ళీ పోయేవి. మార్చి మొదటి వారానికి ఆమె ఆరు వందల యాభై దగ్గరే నిలబడి ఉంది.

అందరూ గోల పెట్టగా, బయటివాళ్ళతో ఆడడం వల్లే ఈ నష్టమనీ, బయటివాళ్ళకి కార్యవిధానం తెలియకపోవడం వల్ల వాళ్ళు తొందరపడుతున్నారనీ పద్మనాభం గారు తేల్చారు. ఆఫీసులోవాళ్ళు ఆఫీసులోవాళ్ళతోనే ఆడాలన్నారు. ఇద్దరికీ ఫైళ్ళుంటాయి కనక న్యాయంగా ఉంటుంది.

రెండు రోజుల్లో అందరికీ ఒక విషయం అర్థమైంది. చదరంగంలో తెల్లపావులవాళ్ళే ముందు ఆడాలి. ముందు ఆడాలంటే ఫైలు పెట్టాలి. ఫైలు పెడితే మూడు నిమిషాలు పోతాయి. కాబట్టి తెల్లవాళ్ళు ఎప్పుడూ ఓడిపోతారు, నల్లవాళ్ళు ఎప్పుడూ గెలుస్తారు. నల్లపావులు వచ్చినవాళ్ళు ఫోను బల్ల మీద పెట్టి టీకి వెళ్ళి వస్తే పది పాయింట్లు పెరిగి ఉండేవి.

నల్లపావుల కోసం ఒక్క రోజులో నలభై రెండు దరఖాస్తులు వచ్చాయి. మోకాళ్ళ నొప్పుల దృష్ట్యా నల్లపావులు ఇప్పించమని ఒకాయన, రిటైర్మెంటు దగ్గర పడిందని ఒకాయన, తన తండ్రి కూడా శాఖలోనే పనిచేశాడని ఒకాయన రాసుకున్నారు. పద్మనాభం గారు రాత్రి పగలు కూర్చుని రోస్టరు తయారుచేశారు. సీనియారిటీ ప్రకారం ప్రతి ఒక్కరికీ తొమ్మిది రోజుల కొకసారి నల్లరోజు. మిగతా ఎనిమిదీ తెల్లరోజులు.

"మిగతావన్నీ ఓటమే అయితే తొమ్మిదో రోజు గెలుపు ఏ మూలకండీ?" అంది పేరిందేవి.

"సూత్రప్రాయంగా అందరికీ సమాన అవకాశం ఉందమ్మా. దాన్ని అంకెల్లోకి దించకూడదు."

ఆ సాయంత్రం రైల్లో పేరిందేవి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఫోను సంచీలోంచి తియ్యలేదు. జుబేదా ఆమెనే చూస్తూ వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"పేరిందేవిగారూ, మీకెంత కావాలండి ఇంకా?"

"నూట యాభై. పద్దెనిమిది రోజుల్లో."

"నా నల్లరోజులు మీరు తీసేసుకోండి. నాకు మీ తెల్లరోజులివ్వండి. ఇద్దరం సెలవు మార్చుకున్నట్టు రాసిద్దాం."

పేరిందేవి ఆమెవైపు తిరిగింది. "మరి నీ రేటింగో?"

"నాది నూట మూడండి. వందకంటే కిందకి యాప్ వాడే పోనివ్వడంట. ఇంకేం పోద్ది?" జుబేదా ఒక గింజ నోట్లో వేసుకుంది. "ఊరికే కాదులెండి. మీరెళ్ళిపోతే కిటికీ పక్కన బల్ల నాకొస్తది. నాలుగేళ్ళుగా ఆ బీరువా వెనక మగ్గిపోతన్నాను."

ఈ మాట విన్నాక ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా, వందకి చేరుకున్నవాళ్ళు, తమ నల్లరోజులు ఇచ్చేశారు. పేరిందేవి రైల్లో బయటివాళ్ళతో ఆడి గెలిచింది, ఆఫీసులో ఏమీ ఆడకుండా గెలిచింది. మార్చి ముప్పైఒకటి పొద్దున్న పాసింజరు దిగేసరికి ఆమె రేటింగు సరిగ్గా ఎనిమిది వందలు. ఇంకో ఆట ఆడి ఓ పది ఎక్కువ పెట్టుకుందామని వేలు వెళ్ళింది గానీ వెనక్కి తీసుకుంది. ఫోను ఆపేసి, రుమాల్లో చుట్టి, టిఫిను డబ్బా అడుగున పెట్టింది. సాయంత్రం ఐదయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుంది.

*

పదకొండు గంటలకి పద్మనాభం గారు ఆమె బల్ల దగ్గరికి స్వయంగా వచ్చారు. ఆయన మొహం పెళ్ళివారింటికి వెళ్ళొచ్చినట్టుంది.

"అమ్మా, అదృష్టవంతురాలివి. డైరెక్టరు గారు మూడు గంటలకి తనిఖీకి వస్తున్నారు. శాఖలో అందరికంటే ఎక్కువ అభివృద్ధి సాధించింది నువ్వేనట. రెండు వందల పన్నెండు నించి ఎనిమిది వందలకి. అందుకని అందరి ముందూ నీతో ఒక ఆట ఆడతారట. అది కాగానే జాబితా మూసేస్తారు."

పేరిందేవికి టిఫిను డబ్బా గుర్తొచ్చింది. "ఆయన రేటింగెంతండి?"

"రెండు వేల నూట నలభై."

అది నిజమే. దానికి కారణం కూడా అందరికీ తెలుసు. డైరెక్టరు గారు తీరిక దొరికినప్పుడల్లా కింది ఉద్యోగుల్లో ఒకరిని పిలిచి ఆడేవారు. ఆయన ఫోటో తెర మీద కనబడగానే ఆ ఉద్యోగి లేచి నిలబడి, ఓటమి ఒప్పుకునే మీట నొక్కేవాడు. మరీ మర్యాదస్తులైతే ఒక బంటుని జరిపి, ఆయన కూడా ఒకటి జరిపాక నొక్కేవారు.

"నేనూ అలాగే నొక్కెయ్యాలాండీ?"

"మరి?"

"ఎంత పెద్దవాళ్ళ చేతిలో ఓడినా ఒక పాయింటన్నా పోతుందండి. ఏడొందల తొంభై తొమ్మిదవుద్ది. నా బదిలీ పోద్ది."

పద్మనాభం గారు ఈ కోణం ఆలోచించలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "గెలిస్తే డైరెక్టరు గారు ఓడిపోతారు కదమ్మా."

"పోనీ, ఎవరూ గెలవకుండా సమానంగా ముగించొచ్చండి. ఆటలో ఉంది."

"డైరెక్టరు గారితో నువ్వు సమానమా?" ఆయన చాలా సున్నితంగానే అడిగారు. "చూడు. మామూలుగా అయితే నీ ప్రతి ఎత్తుకీ ఫైలు పెట్టాలి. డైరెక్టరు గారిని అంతసేపు కూర్చోబెట్టలేం. అందుకని నేను పరిపాలనాధికారితో మాట్లాడి, ప్రత్యేకంగా ముందస్తు అనుమతి తెచ్చాను." ఆయన జేబులోంచి కాగితం తీశారు. దాని మీద ఇలా ఉంది. "శ్రీమతి పేరిందేవి, సీనియర్ అసిస్టెంటు, డైరెక్టరు గారితో జరుగు ఆటలో అవసరమైన ఎత్తులన్నియు విడివిడిగా అనుమతి కోరకుండ వేసుకొనవచ్చును. ఈ అనుమతి ఓటమికి మాత్రమే వర్తించును."

"ఇరవై తొమ్మిదేళ్ళలో ఇంత త్వరగా కదిలిన ఫైలు ఇదేనమ్మా," అన్నారాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

*

మూడు గంటలకి సమావేశం గదిలో అందరూ గోడల వెంట నిలబడ్డారు. బల్లకి ఇటు పేరిందేవి, అటు డైరెక్టరు గారు. గోడ మీద తెరలో బోర్డు అందరికీ కనిపించేలా పెట్టారు. ఉక్కగా ఉన్నా డైరెక్టరు గారు ఉన్ని టోపీ తియ్యలేదు.

"నిర్ణయ వేగం," అన్నారాయన ఆహూతుల్ని ఉద్దేశించి. "ఆలోచన ఆలస్యానికి మొదటి మెట్టు." రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు జరిపారు. గడియారం మొదలైంది. చప్పట్లు కొట్టారు.

పేరిందేవి కూడా ఒక బంటు జరిపింది. డైరెక్టరు గారు మూలనున్న బంటు ఒకటి జరిపి, ఫోను మూసి లేవబోయారు. తెర మీద ఆట అలాగే ఉంది. ఆయన మళ్ళీ కూర్చున్నారు.

"మీరింకా ఉన్నారేమిటి?" అన్నారు.

"ఉన్నానండి."

"ఓహో." ఆయన తెర వంక కొంచెం సేపు చూశారు. రెండు వేల నూట నలభై దాకా వచ్చిన ప్రయాణంలో ఆయనకి మూడో ఎత్తు వెయ్యవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. "తరవాత నేనే కదా?"

"కాదండి, నేనండి." ఆమె శకటుని బయటికి తీసింది. "ఇప్పుడు తమరండి."

డైరెక్టరు గారు ఏనుగుని పట్టుకుని ముందున్న బంటు మీదుగా దాటించబోయారు. యాప్ ఒప్పుకోలేదు. మళ్ళీ ప్రయత్నించారు. "ఇది ఆదేశాలు పాటించడం లేదే," అన్నారు. పద్మనాభం గారు వెంటనే నోటుపుస్తకంలో రాసుకున్నారు. చివరికి వేలు జారి, రాజు దగ్గరున్న గుర్రం బంట్ల మీంచి ముందుకి దూకింది. దాంతో రాజు పక్కన కాపలా ఒకటి తగ్గింది.

పేరిందేవి తన మంత్రిని బయటికి తీసి, ఆయన గుర్రానికి ఎదురుగా, తేరగా తినడానికి పెట్టింది. ఓడిపోవడానికి అంతకంటే సులువైన దారి ఆమెకి తెలియదు. మీట నొక్కడానికి మాత్రం చెయ్యి రాలేదు. కిటికీ దగ్గర నిలబడ్డ జుబేదా కళ్ళు పైకెత్తింది.

డైరెక్టరు గారు మంత్రి వంక చూశారు. గుర్రం వంక చూశారు. "పరిశీలనలో ఉంది," అన్నారు గంభీరంగా. గుర్రాన్ని తిన్నగా నడిపించబోయారు. అది నడవలేదు. మరో మూల బంటుని జరిపి చేతులు దులుపుకున్నారు.

పేరిందేవి గడియారంలో ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఆమె అలవాటుగా, ఈవిడెందుకొచ్చింది అని మనసులో అనుకుంది. ఆ బంటు ఎందుకూ రాలేదు. ఊరికే వచ్చింది. అప్పుడు కనిపించింది ఆమెకి. తన మంత్రి, దాని వెనక శకటు, రాజు తప్ప కాపలా లేని బంటు, మధ్యలో ఎటూ వెళ్ళడానికి లేని రాజు. ఒక్క ఎత్తు. మూడు నెలల్లో ఎన్నోసార్లు ఆమె ఆట ఇలా కట్టయింది గానీ, తాను కట్టెయ్యబోతున్నప్పుడు బోర్డు ఇంత తేటగా ఎప్పుడూ కనబడలేదు.

మీట నొక్కితే ఏడు వందల తొంభై తొమ్మిది. పాసింజరు, చల్లారిన అన్నం, ఇంకో అయిదేళ్ళు. ఎత్తు వేస్తే మెమో, సంజాయిషీ, ఇంకా ఏమేమిటో. పద్మనాభం గారు గోడ దగ్గర నించి ఓటమి మీట వైపు కళ్ళతో సైగ చేస్తున్నారు. ఆమె అది చూసింది. అయినా చెయ్యి దానంతట అది వెళ్ళి మంత్రిని ముందుకి జరిపేసింది. పట్టుమని రెండు సెకన్లు పట్టలేదు. శాఖ ఆమె నించి కోరుకున్నది సరిగ్గా అదే.

గోడ మీద తెర ఎర్రగా వెలిగింది.

"ఏమైంది?" అన్నారు డైరెక్టరు గారు.

"ఆట కట్టండి," అంది పేరిందేవి మెల్లిగా.

"ఎవరిది?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగల హోదా ఆ గదిలో ఎవరికీ లేదు. డైరెక్టరు గారు తెర మీదే చదువుకున్నారు. టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరి అనుమతితో?" అన్నారు.

పద్మనాభం గారు ముందుకొచ్చి కాగితం చూపించారు. "ఓటమికి మాత్రమే ఇచ్చామండి."

*

విచారణ సంఘం మర్నాడు పొద్దున్నే కూర్చుంది. ముగ్గురు సభ్యులకీ ఒకే చిక్కు ఎదురైంది. నేరం రుజువైంది. శ్రీమతి పేరిందేవి, స్పష్టమైన ఆదేశాలకు విరుద్ధంగా, ఉద్దేశపూర్వకంగా గెలుపునకు పాల్పడింది. కానీ ఆ గెలుపు వల్ల ఆమె రేటింగు ఎనిమిది వందల పదహారు అయింది. సర్క్యులరు ప్రకారం ఆమె బదిలీ దరఖాస్తు మన్నించాలి. నేరం చేసినవాళ్ళ కోరిక మన్నిస్తే రేపు అందరూ గెలవడం మొదలెడతారు.

సంఘం సాయంత్రం దాకా చర్చించి రెండు నిర్ణయాలు చేసింది. మొదటిది, క్రమశిక్షణ దృష్ట్యా ఆమె దరఖాస్తును తిరస్కరించాలి. రెండోది, శిక్షగా ఆమెను జిల్లా మొత్తంలో అధమాధమమైన ఆఫీసుకి తక్షణం పంపాలి. అధమం ఏదో తేల్చడానికి సభ్యుల అభిప్రాయాలతో పని లేకుండా రేటింగుల పట్టిక ఉంది. అన్నిటికంటే అడుగున ఒక ఆఫీసు, సగటు రేటింగు సరిగ్గా వంద. అక్కడి సిబ్బంది మూడు నెలల్లో ఒక్క ఆట కూడా పూర్తి చెయ్యలేదు. ఆట మొదలెట్టగానే ఎవరో ఒకరు వచ్చి కుళాయి కారుతోందనేవారట. వీళ్ళు ఫోను పక్కన పడేసి వెళ్ళి బాగుచేసి వచ్చేవారట. ఇంతటి నిర్లక్ష్యం జిల్లాలో మరెక్కడా లేదని సంఘం నమోదు చేసింది.

పేరిందేవికి రెండు కాగితాలు ఒకేసారి అందాయి. మొదటిదానిలో, కొవ్వలపాడు ఆఫీసుకి బదిలీ కోరుతూ ఆమె పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించడమైనదని ఉంది. రెండోదానిలో, ఆమెను శిక్షాత్మకంగా కొవ్వలపాడు ఆఫీసుకి బదిలీ చేయడమైనదని ఉంది. ఇరవై నాలుగు గంటల్లో చేరాలి. ఐదేళ్ళ దాకా తిరిగి రావడానికి వీల్లేదు.

ఆమె రెండూ చదివి బల్ల మీద బోర్లా పెట్టింది. జుబేదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బీరువా వెనక్కి వెళ్ళిపోయింది.

పద్మనాభం గారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. "అక్కడ ఒక్కరికీ చదరంగం రాదమ్మా."

"తప్పదు కదండీ," అంది పేరిందేవి, మొహం వీలైనంత వేలాడేసుకుని.

"నేనూరుకోను. నాకోసమే అయితే ఊరుకునేవాణ్ణి. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని రూలుంది. నీ తరఫున నేనే రాస్తాను. ఆ ఉత్తర్వు రద్దు చేయించి నిన్ను మళ్ళీ ఈ ఆఫీసుకే తెప్పిస్తాను."

పేరిందేవి గభాల్న లేచి నిలబడింది. "ఎందుకండీ మీకు శ్రమ."

"శ్రమేముంది? ఇదిగో, ఇప్పుడే ఫైలు తెరుస్తున్నాను." ఆయన కుర్చీలోకి వెళ్ళి కొత్త అట్ట తీశారు. దాని మీద ఫైలు సంఖ్య ఏం వెయ్యాలో తేల్చుకోలేక, ఆ విషయమై సలహా కోరుతూ పరిపాలనాధికారికి ఒక నోటు రాయడం మొదలుపెట్టారు. నోటు మొదటి వాక్యం దగ్గర ఆగి, ఎదురుగా ఉన్న గోడని చాలాసేపు చూశారు.

పేరిందేవి ఆయన్ని కాసేపు గమనించింది. తన సర్వీసు ఇంకా పదకొండేళ్ళుందని మనసులో లెక్కేసుకుంది. బెంగ తీరిపోయి, సొరుగులోంచి తన గ్లాసూ చెంచా తీసి సంచీలో వేసుకుని, సాయంత్రం పాసింజరుకి బయల్దేరింది.